నోరు తడిసేంత

అమ్మ శేషారత్నం సంవత్సరీకం అయిన మరుసటి వారం తన్మయి క్యాంపర్ వ్యాన్ అద్దెకు తెచ్చింది. వెనక మంచం, చిన్న ఫ్రిజ్, కిటికీకి పూల కర్టెన్. అమ్మ బతికుండగా ఫోన్‌లో చూసి ఎంచుకున్న బండే ఇది. కిడ్నీలు రెండూ పోయి, రోజుకు ఇన్నే నీళ్ళని డాక్టరు కట్టడి చేశాక ఆవిడకు ఒకటే కోరిక మిగిలింది, నాగార్జునసాగర్ గేట్లెత్తినప్పుడు చూడాలని. "తాగనివ్వరు సరే, కళ్ళతోనన్నా చూడనివ్వండి" అనేది. పడుకుని వెళ్ళే బండి దొరికేసరికి ఆవిడ లేదు.

ఇప్పుడు గేట్లెత్తారు. తన్మయికి సాగర్ మీద మోజేమీ లేదు. ఏడాదిగా నాన్న విశ్వనాథం నోట అమ్మ పేరు రాలేదు. సంవత్సరీకంలో పంతులుగారు పేరు అడిగితే కూడా కొడుకు వంశీ వైపు చూశాడు. రెండ్రోజులు ఒకే బండిలో కూర్చోబెడితే మాట్లాడక ఎక్కడికి పోతాడన్నది ఆమె ప్లాన్. ఇలాంటి ప్లాన్లు వేయడానికే ఆఫీసులో ఆమెకు జీతమిస్తారు. అవి అక్కడా పనిచేయవు.

వనస్థలిపురం దాటకముందే తమ్ముడు వంశీ ఫ్రిజ్ తెరిచాడు. పులిహోర ఉంది, పెరుగుంది, కందిపొడి కూడా ఉంది. నీళ్ళ సీసా ఒక్కటీ లేదు. ముగ్గురూ కలిసి సర్దారు, ముగ్గురికీ తట్టలేదు. ఆ ఇంట్లో నీళ్ళు ఎదురుగా పెట్టే అలవాటు ఎప్పుడో పోయింది. అమ్మ కంటపడకుండా వంటింట్లో గోడవైపు తిరిగి గటగటా తాగేసి, మూతి తుడుచుకుని వచ్చేవాళ్ళు. ఆవిడ పోయాక కూడా అలాగే తాగుతున్నారు.

ఎల్బీనగర్‌లో కొందామన్నాడు వంశీ. ఆ చౌరస్తాలోనే సాగర్ రోడ్డుకి ఎడమవైపు తిరగాలి. బండి నడుపుతున్న విశ్వనాథం నేరుగా పోనిచ్చాడు.

"నాన్నా, ఎడమకి."

"తెలుసు."

కొత్తపేట దాటింది. ఫోన్‌లో దారి చెప్పే గొంతు వెనక్కి తిరగమని బతిమాలీ బతిమాలీ చివరికి అలిగినట్టు ఊరుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన బండిని సందులోకి తిప్పగానే తన్మయి గుర్తుపట్టింది. అది డయాలసిస్ సెంటర్ సందు. అమ్మను తీసుకొచ్చే మంగళవారం కదా, అలవాటున చేతులే తిప్పేశాయనుకుంది. అమ్మ లేదని ఈయనకు ఎలా గుర్తుచేయాలి?

ఆ అవసరం పడలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ మల్లేశం నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఏంది సార్, ఇయ్యాల గింత పెద్ద బండిల ఒచ్చినవ్? స్వరూపక్క రెండుసార్లు అడిగింది, సార్ ఇంక రాలేదా అని."

విశ్వనాథం పిల్లల వైపు చూడలేదు. సీటు కింద నుంచి చిన్న టిఫిన్ డబ్బా తీసుకుని దిగి లోపలికి వెళ్ళాడు.

ఈ ఏడాదంతా ఆయన మంగళ, శుక్రవారాలు రైతుబజారుకని వెళ్ళి, పూటంతా గడిపి, ఒక్క గోంగూర కట్టతో ఇంటికొచ్చేవాడు. నాన్న గోంగూర పండించి మరీ తెస్తున్నాడని తన్మయి ఎన్నిసార్లు నవ్విందో.

స్వరూపరాణిది అల్మాస్‌గూడ. సెంటర్‌లో ఆవిడది, అమ్మది పక్కపక్క మంచాలు. భర్త లేడు, కూతురు పనికి పోవాలి. మిషన్ దిగాక ఆవిడకు కాళ్ళు నిలవవు. విశ్వనాథం పక్కన కూర్చుని, ఇడ్లీ పెట్టి, ఆటో ఎక్కించి వస్తాడట. ఇదంతా మల్లేశమే చెప్పాడు.

మధ్యాహ్నం ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. "ఆటో వద్దులేమ్మా, ఇందులో పడుకోవచ్చు" అన్నాడు. తన్మయి మంచం మీద అమ్మ దుప్పటి పరిచింది. అది ఎందుకు తెచ్చిందో పొద్దున ఆమెకే తెలియలేదు.

కర్మన్‌ఘాట్ దాటుతుంటే స్వరూపరాణి కళ్ళు తెరిచింది. "జర నోరు తడుపుకుంట అన్నా."

వంశీ అప్పటికే నీళ్ళ సీసాలు కొన్నాడు. కొని, తువ్వాలు కప్పి, సీటు కిందికి తోసేశాడు. విశ్వనాథం బండి పక్కకాపి వెనక్కి వచ్చి, సీసా మూతలో పోసి అందించాడు. ఆవిడ మింగలేదు. కళ్ళు మూసుకుని నాలుక మీదే నిలుపుకుంది.

"మా రత్నం కూడా ఇంతే," అన్నాడాయన, ఖాళీ మూత చూస్తూ. "అట్టే పెట్టుకునేది. మింగితే అయిపోతుందని."

ఏడాదిగా తన్మయి ఎదురుచూసింది ఆ పేరు కోసమే. ఆయన మూత బిగించి, సీసాను మళ్ళీ తువ్వాలు కింద దాచి, స్టీరింగ్ దగ్గరికి వెళ్ళాడు.

పొద్దుట్నుంచీ ముగ్గురి గొంతులూ ఎండిపోతున్నాయి. వంశీ ఒకసారి సీటు కిందికి చూశాడు, తర్వాత మంచం వైపు చూసి ఊరుకున్నాడు. అల్మాస్‌గూడ వచ్చేదాకా ఎవరూ నీళ్ళు ముట్టుకోలేదు.