పొయ్యికి సగం, మడికి సగం

మా ఆయన పోయి నాలుగో రోజైనా నాకు కన్నీళ్లు రాలేదు. ఏడవకపోతే గుండె పగులుతుందని మా ఊరు ఏరియూరు ఆడవాళ్లంతా వచ్చి హెచ్చరించి పోయారు. పగిలిందో లేదో చూసుకునే ఓపిక కూడా లేదు నాకు. కళ్లముందే పిల్లి పాలు తాగుతుంటే అదిలించకుండా గోడకానుకుని కూర్చున్నాను.

చావింట్లో దినాలయ్యేదాకా పొయ్యి వెలిగించకూడదు. కూడు చుట్టాల ఇళ్ల నుంచి వస్తుంది. ఆవులకు మైల తెలుసా? అవి పేడ వేస్తూనే ఉన్నాయి, మా మరిది జయరామ దాన్ని కలిపి గోబర్ గ్యాస్ గుంతలో పోస్తూనే ఉన్నాడు. వాడకం లేక గుంత మీది ఇనుప డ్రమ్ము గ్యాస్‌తో నిండి పైకి తేలింది.

ఆ డ్రమ్ముకు రెండు గొట్టాలు. ఒకటి నా పొయ్యికి, ఒకటి బావి దగ్గరి డీజిల్ ఇంజన్‌కు. ఆయన అటు తిప్పాడంటే ఇటు నా మంట కుంగిపోయేది. రోజూ సవతుల పోరే.

బావి కింద టమాటా నారు ఎండిపోతోంది. ఆయన కుప్పకూలే ముందు రోజు నాటింది. క్యాన్‌లో డీజిల్ అడుగంటింది, పెన్నాగరం బంకులోనూ లేదు.

జయరామ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "వదినా, ఉండే డీజిల్‌తో ఇంజన్ స్టార్ట్ అవుతుంది. అయినాక గ్యాస్ కలిపితే డీజిల్ కొంచెమే తాగుతుంది. అన్న అట్లే కదా చేసేది. తిప్పేదా?"

మా ఆడబిడ్డ మునివెంకటమ్మ విసురుగా లేచింది. "అది పొయ్యి గ్యాసు కదరా! పొయ్యి ముట్టించరాదంటే అదీ మండించరాదు. తమ్ముడు పోయినాడు, మీకు తక్కాళి నారు ముఖ్యమా?"

"పొయ్యిలో మండితే నా కడుపుకు, ఇంజన్లో మండితే నారుకు. నారుకేం మైల వదినా?" అన్నాను. "నాటింది మీ తమ్ముడే. అదీ చచ్చిపోతే ఆయన చేసిందని చూపించేదానికి ఏముంది?"

ఆమె మళ్లీ చతికిలబడింది. జయరామ వెళ్లాడు. గెలిచినట్టు అనిపించలేదు నాకు. అసలేమీ అనిపించలేదు.

కాసేపటికి ఇంజన్ దడదడలాడింది. తర్వాత గ్యాస్ కలిసినట్టుంది, చప్పుడు మెత్తబడింది. ఆ మార్పు నా చెవికి అలవాటే. లేచి వంటింట్లోకి పరిగెత్తి, కిటికీలోంచి రోజూ కేకేసినట్టే కేకేశాను.

"ఇదిగో, అంతా పీల్చేయొద్దు! నా పప్పింకా ఉడకలేదు!"

'ఈ ఒక్క మడీ తడవనీ' అని ఆయన తిరిగి అరవాలి. ఎప్పుడూ అదే జవాబు. దానికోసం ఆగాను.

ఇంజన్ కొట్టుకుంటూనే ఉంది. వెనక్కి తిరిగితే పొయ్యి చల్లగా ఉంది, దాని మీద పప్పూ లేదు, గిన్నే లేదు. మునివెంకటమ్మ వచ్చి నన్ను పట్టుకుంది. నాలుగు రోజులుగా ఏడవమని పోరినామె, ఇప్పుడు "చాలు పుట్టమ్మా, ఊరుకో" అంటోంది. ఊరుకోవడం నా చేతకాలేదు.