సింహాద్రమ్మగారి డాబా మీద డిష్షు

కేబుల్ లైన్‌మన్ ప్రభుకుమార్‌కి ఆ పూట అప్పజెప్పిన పనులు రెండు. సింహాద్రమ్మగారింట్లో ఇంటర్నెట్‌కి కేబుల్ వైరు లాగడం ఒకటి. ఆవిడ డాబా మీద కొత్తగా వెలిసిన డిష్షుని ఎవరూ చూడకుండా బొమ్మ చెదిరేలా రెండు వేళ్ల మేర పక్కకి జరిపేసి రావడం రెండోది. మొదటిది నలుగురిలో చెప్పిన మాట, రెండోది చెవిలో చెప్పిన మాట. చెప్పింది కేబుల్ ఓనరు దేవుళ్లు.

దేవుళ్లుని మరీ దుర్మార్గుడని అనలేం. పదమూడేళ్ల కిందట, నర్సీపట్నం జనం యాంటెనాలు తిప్పుకుంటూ మెడలు పట్టేయించుకుంటున్న రోజుల్లో, ఎనిమిదడుగుల జల్లెడ డిష్షు దింపి ఊరికి బొమ్మ చూపించిన మనిషి. ఇప్పుడు డాబా డాబాకీ బుల్లి డిష్షులు లేస్తుంటే కడుపు మండదూ? ఇంటర్నెట్ మొదలెట్టాడు కానీ దానికి విశాఖ నుంచి చదువుకున్న ఇంజినీరుని తెచ్చుకున్నాడు. ప్రభుకుమార్‌కి సంగతి దాచకుండానే చెప్పాడు. ఆ వీధిలో టీవీ లైను ఉన్నన్నాళ్లే లైన్‌మన్‌తో పని. సింహాద్రమ్మ మానేస్తే ఆవిణ్ని చూసి వీధి వీధంతా మానేస్తుంది. ఆ పైన నీ దారి నువ్వు చూసుకోవాలి.

దారి చూసుకోవడానికి ప్రభుకుమార్‌కి కాళ్లు సరిగా లేవు. నాలుగేళ్ల కిందట స్తంభం మీంచి పడ్డప్పుడు విరిగిన తుంటి వంకరగా అతుక్కుంది. వయసు నలభై ఎనిమిది. బరువులు మొయ్యలేడు, కొత్త పని నేర్పేవాడూ లేడు. పొద్దున్న వాళ్లావిడ రాచెల్ ప్రార్థనలో పిల్లల పేర్ల తర్వాత ఈ ఉద్యోగాన్ని కూడా ప్రభువుకి అప్పగించింది. డిష్షు సంగతి ఆవిడకి అతను చెప్పలేదు.

ఆ వీధిలో మొదటి కనెక్షన్ సింహాద్రమ్మగారిదే. గోడకి ఉలితో కన్నం కొట్టి టీవీ వైరు తెచ్చింది ప్రభుకుమారే. ఇప్పుడు నెట్టు వైరు కూడా ఆ కన్నంలోంచే తోశాడు. డిష్షు కంపెనీవాడు మాత్రం తన వైరుని కిటికీలోంచి లాగి పోయాడు. దాంతో కిటికీ రెక్క పడక, వాన పడితే జల్లంతా లోపలికే. అది చూస్తే ప్రభుకుమార్‌కి ఒళ్లు మండింది. ఎవరూ అడక్కుండానే ఆ వైరుని కూడా తీసి, కన్నంలోంచి లోపలికి తెచ్చి, మూడింటినీ పక్కపక్కన పేర్చి క్లిప్పులు కొట్టాడు. కిటికీ మూసి చూసుకున్నాడు. ఇంజినీరు వచ్చి, మనవరాలు వెంకటదుర్గ కంప్యూటర్‌కి నెట్టు తగిలించి, ఈ ముసలాయనతో ఏం మాట్లాడతాంలే అన్నట్టు వెళ్లిపోయాడు.

టీవీ పెట్టారు. తెర మీద పాడుతున్న పిల్ల మొహం గళ్లుగళ్లుగా విరిగిపోయి, నోరొక చోట, కళ్లొక చోట నిలబడిపోయాయి. డిష్షు పెట్టిన రోజు నుంచీ ఇదే వరసట. కంపెనీకి ఫోన్లు చేసి చేసి సింహాద్రమ్మ విసిగిపోయింది. రేపు దీన్ని పీకించేసి, మీ కేబులే ఉంచుకుంటానని తేల్చి చెప్పింది.

ప్రభుకుమార్ లోలోపల స్తోత్రం చెప్పుకున్నాడు. పాపం చెయ్యక్కర్లేదు. చెయ్యడానికి వచ్చిన పని ఎవరో ముందే చేసి పెట్టారు. సంచీ సర్దుకుని, నోరు మూసుకుని మెట్లు దిగితే చాలు, ఉద్యోగం నిలబడుతుంది.

సంచీ సర్దాడు కూడా. కానీ చూపు తెర మీంచి రావడం లేదు. ఆ విరిగిన మొహాన్ని అలా వదిలేసి వెళ్లడం అతని చేత కావడం లేదు.

"ఆ కంపెనీ ఆయన వల్లే కానేదు. నీకేటి తెలుస్తాదిలే బాబూ," అంది సింహాద్రమ్మ, జాలిగానే.

అంతే. తెలియకపోవడమేమిటి, దేవుళ్లు తెచ్చిన ఎనిమిదడుగుల డిష్షుకి గురి కుదిర్చిందెవరు? తుంటి నొప్పి కూడా మర్చిపోయి డాబా ఎక్కాడు. వెంకటదుర్గని మెట్ల దగ్గర నిలబెట్టి, తెర మీద సిగ్నల్ గీత ఎంత పెరిగిందో అరవమన్నాడు. నట్లు వదులు చేసి, డిష్షు అంచు పట్టుకుని, ఊపిరి బిగబట్టి పక్కకి జరిపాడు. వెంట్రుకవాసి. మరికాస్త.

"వచ్చీసింది!" అని కింద నుంచి కేక.

చూసుకుంటే జరిపింది సరిగ్గా రెండు వేళ్ల మేర. గాలివానకి కూడా కదలకుండా నట్లు బిగించాడు. అప్పుడు తలెత్తితే వీధి పొడుగునా, డాబా నుంచి డాబాకి, తను కట్టిన నల్ల వైర్లు కనిపించాయి. చేతులారా ఏం చేసుకున్నాడో అప్పుడు తెలిసింది. మళ్లీ నట్టు వదులు చేద్దామని పానా పెట్టాడు కూడా. చెయ్యి తిరగలేదు.

కిందకి దిగేసరికి పక్కింటి లోవలక్ష్మి గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకు చూస్తోంది. సింహాద్రమ్మ టీ గ్లాసు అతని చేతికిచ్చింది. కళ్లు మాత్రం తెర మీదే ఉన్నాయి.

"పదమూడేళ్లు సూపించేవు గానీ, ఇంత సక్కటి బొమ్మ నువ్వెప్పుడూ సూపించనేదు బాబూ," అంది. మెచ్చుకోలుగానే అంది. తర్వాత గోడ వైపు చూసి, "మరింక ఆ పాత వైరు కోసీ. గోడకి బరువెందుకు?" అంది.

కోశాడు. కన్నంలో రెండు వైర్లు మిగిలాయి, రెండూ అతనితో పని లేనివే. పాతదాన్ని చుట్ట చుట్టి భుజాన వేసుకుంటుంటే, తమ ఇంటికీ ఇలాంటిది పెట్టించుకుంటామని, కంపెనీవాడు బిగించి పోయాక బేగి వచ్చి ఓపాలి సరిచెయ్యమని లోవలక్ష్మి మాట తీసుకుంది. వస్తానన్నాడు.

వీధిలోకి రాగానే దేవుళ్లు ఫోన్ చేశాడు.

"జరిపేవా?"

"జరిపేనండి."

"ఏ మాత్రం?"

"మీరు సెప్పినంతే. రెండు వేళ్లు."

దేవుళ్లు సంతోషపడ్డాడు. నిన్ను నమ్ముకున్నందుకు వీధి నిలబెట్టావన్నాడు. ప్రభుకుమార్ భుజం మీది వైరు చుట్టని సర్దుకుని, ఔనండి అన్నాడు.