అట్టగోడల వార్డు

లిమ్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ ఒడ్డున పాత చేపల గోదాములో, కొత్త ఆసుపత్రి గది నమూనాను అట్టగోడలతో నిలబెట్టారు. ఖర్చు పెరిగిపోయిందని నక్షాలో గదిని రెండు జానలు కుదించారు. అది సరిపోతుందో లేదో నర్సులు వాడి చూసి చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా గుండెజబ్బుల వార్డులో పనిచేస్తున్న సోల్వై గుమ్మం దగ్గర సంతకం పెట్టి, మంచాన్ని లోపలికి తోసింది. మంచం మీద రోగిలా పడుకున్నది తోటి నర్సు టోవే.

మంచం గోడకు ఆనుకుపోయింది. పక్కన మనిషి నిలబడే చోటే లేదు.

"గుండె ఆగితే నేనెక్కడ నిలబడి నొక్కాలి ప్రెబెన్? దీని నెత్తిమీదా?" అంటూ ఇంజనీరు మీద విరుచుకుపడింది సోల్వై.

"రాసుకున్నాలే."

"రాసుకోవడం కాదయ్యా, గోడ జరుపు!" అని ఆమే అట్టను తోసింది. అది తేలిగ్గా జరిగింది. "చూశావా? ఇంతే మేమడిగేది."

ప్రెబెన్ తల దించుకున్నాడు. "అక్కడ అసలు ఆసుపత్రి గోడలకు కాంక్రీటు పోసి వారమైంది, సోల్వై."

"మరి మమ్మల్నెందుకు పిలిచినట్టు?"

"మిమ్మల్ని అడిగామని సంతకాలుంటేనే మిగతా డబ్బు ఇస్తారు."

అతను సంతకాల కాగితాన్ని ఫైల్లో పెట్టుకుని, అట్టగోడను మళ్ళీ నేల మీది పాత గీత మీదికి జరిపాడు. మంచం మీద టోవే, గోడకు నలగకుండా తన చెయ్యి తనే లోపలికి లాక్కుంది.