ఎవరేసినారో తెలీని ఓట్లు

కూతురు ఎన్నికల్లో నిలబడిందన్న సంగతి నూర్ అహ్మద్‌కి ఇంట్లో తెలియలేదు, అంగట్లో తెలిసింది.

పాకాల స్టేషన్ రోడ్డులో అతనికి స్టవ్వులు, కుక్కర్లు బాగుచేసే చిన్న అంగడి ఉంది. ఒకరోజు పొద్దున్నే ఎదురు టీకొట్టు ఆదిమూలం పిడి ఊడిన కుక్కరు తెచ్చి బల్ల మీద పెట్టి, పోకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఏమప్పా నూరూ, మీ పాప ఎలక్షన్లో నిలబడిందంటనే. మాకు ఒక మాటన్నా సెప్పలేదే."

"ఏం ఎలక్షనప్పా?"

"ఇస్కూల్లో. మావాడు సెప్పినాడు. అమలా మేడం ప్రజాస్వామ్యం పాఠం అయిపోగొట్టిందంట, ఇంగ పదో క్లాసు పిల్లకాయలంతా నిజంగానే ఓట్లేసి లీడర్ని ఎన్నుకోవాలన్నదంట. మీ పాప ఒకతి, మన మునస్వామన్న కొడుకు చక్రధర్ ఒకడు. ఇద్దరే పోటీ."

నూర్ చేతిలోని స్క్రూడ్రైవరు ఆగింది. అతని అంగడి ఉన్న గది మునస్వామిది. ఆ గదే కాదు, ఆ వరసంతా ఆయనదే. నూర్ తండ్రి కాలం నుంచీ వాళ్ళు అదే గదిలో ఉన్నారు. మునస్వామి ఏనాడూ గొంతు పెంచిన మనిషి కాదు. ఎదురైతే "బాగుండావా నూరూ" అని పలకరించి పోతాడు. ఆ పలకరింపు ఒక్కరోజు తప్పినా నూర్‌కి ఆ పూట అన్నం సయించదు.

సాయంత్రం ఇంటికి పోగానే కూతుర్ని పిలిచాడు. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది ఉర్దూ. కానీ షగుఫ్తాకి కోపం వచ్చినా సంతోషం వచ్చినా మాట తెలుగులోకి జారిపోతుంది. నాన్నని పిలిచే 'అబ్బా' అన్న మాట తప్ప, ఆ రోజు మొదటి నుంచీ తెలుగులోనే మాట్లాడింది.

"కంప్యూటర్ రూముకి ఎప్పుడు పోయినా మగపిల్లోళ్ళే కూర్చోనుంటారబ్బా. మేము ఎనకాల నిలబడి సూసి వచ్చేదే. రూతు అనింది, మనలో ఒకరు లీడరైతే వంతులు పెట్టించొచ్చు, నువ్వు గట్టిగా మాట్లాడతావు, నువ్వే నిలబడు అని. ఆడపిల్లలందరూ సరే అన్నారు. నిలబడినా."

"అవతల ఉండేది మునస్వామన్న కొడుకు."

"ఉంటే ఏమి? చక్రి మంచోడే. పేరిచ్చినంక వాడే వచ్చి నాకు ఆల్ ది బెస్ట్ సెప్పిపోయినాడు."

నూర్ భార్య బషీరా పొయ్యి దగ్గర్నుంచే, "పిల్లల ఆట. ఆడుకోనీ," అంది. ఆమె మాటతో అతనికి కొంచెం ఊపిరాడింది. నిజమే, ఆడపిల్లలకీ మగపిల్లలకీ పోటీ. దీనికి పెద్దవాళ్ళతో పనేముంది అనుకున్నాడు.

ఆ నిమ్మళం ఎన్నాళ్ళో నిలవలేదు. ఒక మధ్యాహ్నం టీ కోసం రోడ్డు దాటి పోతే, ఆదిమూలం కొట్లో బెంచీ మీద ఎవరిదో ఫోను మాట్లాడుతోంది. ఎవరి గొంతో తెలియదు. కోపం లేదు, అరుపు లేదు, ఇంటి పెద్ద బుద్ధి చెబుతున్నంత నెమ్మదిగా ఉంది.

"వాళ్ళు ఎప్పుడూ ఒక్కటిగానే ఉంటారు. మనమే చీలిపోయేది. ఆగస్టు పదిహైదున జెండా పట్టుకోని అందరికన్నా ముందర నడిచేది లీడరే. దేశం జెండా ఎవరి చేతిలో ఉండాల్నో మీ బిడ్డలకి ఇంట్లో కూర్చోబెట్టి సెప్పండి."

ఫోను పట్టుకున్న మనిషి నూర్‌ని చూసి గబుక్కున నొక్కేశాడు. ఆదిమూలం గ్లాసులు కడగడానికి వంగాడు. కడిగిన గ్లాసులనే మళ్ళీ కడిగాడు.

"ఎవరో పనిలేనోడు పెట్టినాడప్పా," అన్నాడు తల ఎత్తకుండానే. "అందరి ఫోన్లకీ వచ్చింది. నువ్వు మనసులో పెట్టుకోబాక."

అందరి ఫోన్లకీ వచ్చింది, తన ఫోనుకి తప్ప. నూర్ టీ తాగకుండానే తిరిగొచ్చాడు. సాయంత్రం దాకా కుక్కరు రబ్బర్లు ఒకదానికి బదులు ఇంకొకటి వేస్తూ, తీస్తూ గడిపాడు. రోడ్డు మీద పోయేవాళ్ళంతా తన అంగడి వైపు చూసే పోతున్నట్టు అనిపించింది. ఎప్పుడూ ఆగి మాట్లాడే ఒకరిద్దరు ఆగలేదు. వాళ్ళకి నిజంగానే పనుందేమో. ఏమో.

ఇల్లు చేరాక కూర్చోకుండానే చెప్పాడు. "రేపు పోయి నీ పేరు తీసేయమని సెప్పు."

షగుఫ్తా పుస్తకంలోంచి తల ఎత్తింది. ఆ ఫోను మాటల సంగతి ఆమెకూ తెలుసు. ఆ ముఖం చూస్తేనే నూర్‌కి అర్థమైంది.

"నేనేం తప్పు సేసినా?"

"తప్పు సేసినావని ఎవురన్నారు? గమ్మున తప్పుకుంటే పోతుంది."

"ఇప్పుడు తప్పుకుంటే ఆ మాట నిజమైపోతుంది కదబ్బా. జెండా పట్టుకొనే దానికి నేను పనికిరానని నేనే ఒప్పుకున్నట్టు కాదా?"

ఈసారి బషీరా కూడా కూతురి వైపు మాట్లాడలేదు. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి షగుఫ్తా పక్కన కూర్చుంది. "ఇన్నాళ్ళూ ఎవరి నోట్లోనూ పడకుండా సదువుకున్నావు. పదైపోతే తిరుపతిలో కాలేజీ అంటివి. మనకి అది సాలు తల్లీ," అంది. షగుఫ్తా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఏడవలేదు. పుస్తకం మూసి లేచిపోయింది.

మర్నాడు నూర్ అంగడి తలుపులు దగ్గరికి వేసి హైస్కూలుకి పోయాడు. పదో తరగతి గది బయట నిలబడ్డాడు. లోపల అమలా మేడం పాఠం చెబుతోంది. నలభై దాటిన మనిషి, బక్కగా ఉంటుంది. గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపిస్తోంది. శ్రీలంకలో ఎక్కువమంది ఉన్నవాళ్ళు తమ మాటే చెల్లాలనుకున్నప్పుడు ఏమైందో చెబుతోంది. పిల్లలు నిశ్శబ్దంగా వింటున్నారు. నూర్ కిటికీలోంచి చూశాడు. షగుఫ్తా పక్కన రూతు లేదు. మొన్నటిదాకా ఇద్దరూ ఒకే బెంచీ. ఇప్పుడు రూతు రెండు బెంచీల వెనక కూర్చుని ఉంది. మిగతా ఆడపిల్లలు కూడా ఎవరి వీధివాళ్ళతో వాళ్ళు ఒదిగి కూర్చున్నట్టు కనిపించింది.

గంట కొట్టాక మేడం బయటికి వచ్చింది. నూర్ చేతులు కట్టుకుని తన పేరు చెప్పి, వచ్చిన పని చెప్పాడు.

"పేరు నేను తీసేయలేనండీ. ఆ అమ్మాయే తీసుకోవాల," అందామె.

"సిన్నపిల్ల మేడం. దానికేం తెలుసు? మేము అందరి మధ్యా బతకాల్సినోళ్ళము."

అమల చేతిలోని చాక్‌పీసు రెండు ముక్కలైంది. "హెడ్మాస్టరుగారికి ఫోన్లు వస్తా ఉండాయి. ఎలక్షన్ ఆపేయమని ఆయన, వద్దని నేను. నాకూ నిద్ర పట్టడం లేదు," అంది చిన్నగా. "శ్రీలంక పాఠం సెప్పడం సులభం నూర్ గారూ. పాకాలలో ఓటు పెట్టేదే కష్టం. ఆడపిల్లలు, మగపిల్లలు అని మొదలైంది. పెద్దోళ్ళు దాన్ని ఇంగేదో సేసినారు. ఇప్పుడు ఆపేస్తే పిల్లలు దీంట్లోంచి ఏం నేర్చుకుంటారో సెప్పండి."

"రూతు ఎందుకు దూరంగా కూర్చోనుండాది మేడం?" అని అడిగాడు నూర్.

"వాళ్ళ నాయన మునస్వామి గారి మామిడితోటలో పనిచేస్తాడు," అంది అమల.

నూర్ వచ్చిన దారినే నడుచుకుంటూ అంగడికి తిరిగొచ్చాడు. తనకున్న భయమే రూతు తండ్రికీ ఉందన్న మాట. ఇంతా చేస్తే మునస్వామి ఎవర్నీ ఏమీ అన్నదే లేదు. అనాల్సిన పని కూడా ఆయనకి రాలేదు.

శనివారం ఓట్లు వేశారు. ఆ రోజు నూర్ పని చేయలేకపోయాడు. కాట్పాడి పాసింజరు కూత వినిపించినా ఉలిక్కిపడ్డాడు. గెలిస్తే ఏమవుతుంది? జెండా పట్టుకుని కూతురు ముందు నడుస్తుంటే ఎవరైనా ఏదైనా అంటే? ఫోటో తీసి ఇంకో మాట కలిపి ఊరంతా పంపితే? ఓడిపోతే పిల్ల ముఖం ఎట్లా చూడటం? ఏది జరగాలని దువా చేయాలో అతనికి తెలియలేదు.

బడి వదిలే వేళకి ఆదిమూలం కొడుకు సైకిలు మీద పోతూ కేకేశాడు. "చక్రి గెలిచినాడు."

నూర్ గుండెల మీంచి బండ దిగిపోయింది. చేతులు తేలికపడ్డాయి. పొద్దుట్నుంచీ పక్కన పెట్టిన స్టవ్వు అందుకుని, బర్నరు ఒక్క ఊపున తిప్పి బిగించేశాడు.

చీకటి పడకముందే మునస్వామి వచ్చాడు. చేతిలో మైసూర్‌పాక్ డబ్బా. వరసలోని అంగళ్ళన్నిటికీ పంచుకుంటూ వస్తున్నాడు. నూర్ లేచి నిలబడ్డాడు.

"బాగుండావా నూరూ. పిల్లకాయల ఆటప్పా ఇది. ఎవరో ఏందేందో కూసినారంట. నాకు తెలీనే తెలీదు. తీసుకో."

"తెలుసన్నా. మీరు అట్లాంటోళ్ళు కారు," అన్నాడు నూర్. మైసూర్‌పాక్ నోట్లో పెట్టుకున్నాడు. మునస్వామి ఎదురుగా నిలబడి అది పూర్తయ్యేదాకా చూసి, పక్క అంగడికి పోయాడు. నూర్ లోపలికి పోయి చెంబెడు నీళ్ళు తాగాడు.

ఇంటికి పోయేసరికి షగుఫ్తా వాకిట్లో కూర్చుని ఉంది. తండ్రిని కింది నుంచి పైకి చూసింది.

"నీకు సంతోషమైంది కదబ్బా?"

లేదని చెప్పబోయి నూర్ ఆగిపోయాడు. అబద్ధం చెబితే పట్టేసే పిల్ల. పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. "భయం పోయిందమ్మా. సంతోషం కాదు," అన్నాడు. ఆ రెండింటికీ తేడా ఉందో లేదో అతనికే తెలియదు.

కాసేపటికి ఆమె తనంతట తానే మొదలుపెట్టింది. "మేడం సెప్పింది, ఈ రోజు ఓడినోళ్ళు రేపు గెలవగలిగేటట్టు ఉంటేనే అది ప్రజాస్వామ్యం. పుట్టుకతోనే ఎప్పటికీ గెలవలేరు అని తేలిపోతే, ఓట్లున్నా అది ప్రజాస్వామ్యం కాదు అని. నేను ఏ రకంగా ఓడిపోయినానో నాకు తెలియాల కదా?"

లోపల్నుంచి తౌసిఫ్ నవ్వు వినిపించింది. తౌసిఫ్ బషీరా అన్న కొడుకు, షగుఫ్తాకి క్లాస్‌మేటు. ఏదో ఇచ్చిపోవడానికి వచ్చి, అత్త పెట్టిన బిర్యానీ తింటున్నాడు. అందరికీ వినబడేలా అన్నాడు. "నేను మాత్రం చక్రికే ఏసినా. వాడు వాలీబాల్ నెట్టు తెప్పిస్తానన్నాడు. మనోళ్ళల్లో ఇంగా ముగ్గురు కూడా వాడికే."

బషీరా గరిటె ఎత్తి కొట్టబోయింది. "సిగ్గుండాదారా నీకు?"

"రహస్య ఓటు అత్తా. నా ఇష్టం," అన్నాడు తౌసిఫ్ నములుతూనే.

షగుఫ్తా గబుక్కున లేచి లోపలికి పోయింది. కొట్లాడుతుందేమో అనుకున్నాడు నూర్. ఆమె తౌసిఫ్ ముందు నిలబడి ఎవరెవరని పేర్లు అడిగింది. వేళ్ళు మడుస్తూ లెక్క పెట్టింది. మళ్ళీ మొదట్నుంచి పెట్టింది. తర్వాత వాకిట్లోకి వచ్చి తండ్రి ముందు నిలబడింది.

"నాకు వచ్చిన ఓట్లు మన పిల్లల మొత్తం కన్నా ఎక్కువే అనుకుంటిని. వీళ్ళు ఏయలేదంటే బయటోళ్ళవి ఇంగా జాస్తి. బాగా జాస్తి అబ్బా."

"ఎవరై ఉంటారు?"

"తెలీదు. రూతు ఏసిందో లేదో కూడా తెలీదు. వాళ్ళ నాయన ఏం సెప్పినాడో, అది ఏం సేసిందో. ఓటు సీటీ మడిచి డబ్బాలో ఏసేసినాంక ఎవరికీ తెలీదు." ఆమె మడిచిన వేళ్ళని మళ్ళీ చూసుకుంది. "నన్ను సూసి మొకం తిప్పుకున్నోళ్ళలో కూడా ఎవరో ఏసినారు."

సోమవారం నూర్ ఆమెను మోపెడ్ మీద దింపడానికి పోయాడు. వద్దంటే వినలేదు. గేటు దగ్గర పిల్లలు గుంపులుగా లోపలికి పోతున్నారు. షగుఫ్తా దిగి, సంచీ సర్దుకుని, ఒక్క క్షణం అక్కడే నిలబడి పోయేవాళ్ళ ముఖాలు చూసింది. తర్వాత ఆ గుంపులో కలిసిపోయింది.

నూర్ వెంటనే బండి తిప్పలేదు. ఆ ఫోను మాటని తమ ఇళ్ళల్లో విని వచ్చిన పిల్లలు వీళ్ళే. విని కూడా తన కూతురికి ఓటేసిన పిల్లలూ వీళ్ళే. జడ రిబ్బన్లు బిగించుకుంటున్న అమ్మాయిలు, ఒకర్నొకరు తోసుకుంటున్న అబ్బాయిలు. ఎవరు ఏ పక్కో తెలుసుకోవాలని ఒక్కొక్క ముఖమే పట్టి చూశాడు. ఒక పిల్లవాడు తనని చూసి నవ్వాడు. ఇంకో అమ్మాయి చూసీ చూడనట్టు పోయింది. దాంతో అతనికేమీ తెలియలేదు. గంట కొట్టేదాకా చూస్తూనే ఉన్నాడు. గేటు మూశాక బండి స్టార్టు చేశాడు.