పదమూడేళ్ల గుట్టు

చెప్పుల ఫ్యాక్టరీలో ఆయన తోలు కోసే బల్ల దగ్గర మేస్త్రీ. ఆవిడది అంచులు కుట్టే మిషను. మధ్యలో పట్టుమని పది గజాల దూరం కూడా లేదు. ఇద్దరూ మొగుడూపెళ్లాలన్న సంగతి ఈగకు కూడా తెలియదని వాళ్ల నమ్మకం. తెలిస్తే కొంప మునుగుతుంది. చేరిన రోజు చేతికిచ్చిన రూల్సు పుస్తకంలో స్పష్టంగా ఉంది: భార్యాభర్తలిద్దరూ ఇక్కడ పనిచేయకూడదు, పెళ్లాడితే నెల తిరిగేలోగా ఒకరు మానేయాలి. ఎవరు రాశారో గానీ ఆ మహానుభావుడికి పెళ్లయి ఉండదు.

ఆయన జీతం మీద మంచాన పడ్డ తండ్రి, ఆవిడ జీతం మీద చదువుకుంటున్న ఇద్దరు చెల్లెళ్లు. ఎవరు మానేస్తారు? అందుకే ఓ రోజు భోజనాల వేళ రిజిస్ట్రారు ఆఫీసుకి పరుగెత్తి సంతకాలు పెట్టి, గంట కొట్టేసరికి వచ్చి ఎవరి పనిలో వాళ్లు కూర్చున్నారు.

అప్పట్నుంచి ఒకరిది ముందు బస్సు, ఒకరిది వెనక బస్సు. రెండు క్యారేజీల్లో ఒకే కూర కనబడితే పట్టుబడతామని ఆవిడ రోజూ రెండు రకాలు వండేది. "రోజూ రెండు కూరలున్న ఇల్లు మనదొక్కటే. కాకపోతే రెండోది నాకు పెట్టవు" అని ఆయన వేళాకోళమాడేవాడు. ఫ్యాక్టరీలో ఆవిడ "మేస్త్రీ గారూ" అంటే ఆయన "ఏమ్మా" అని పలికేవాడు. ఇంటికొచ్చాక ఆ "ఏమ్మా" గుర్తొచ్చి ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవారు.

నవ్వుకోలేనిది ఒకటుంది, పిల్లల సంగతి. ప్రసూతి సెలవు కాగితంలో భర్త పేరు రాయాలి. "చెల్లెళ్లు ఒడ్డున పడనీండి, నేను మానేస్తాను" అని ఆవిడ, "నాన్న కోలుకోనీ, నేనే మానేస్తా" అని ఆయన. ఏటికేడు వాయిదా వేశారు. ఆయన తండ్రి వెళ్లిపోయాడు, చెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యాయి. అప్పటికి ఆవిడకి ముప్పై తొమ్మిది. ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. ఆ రోజు తిరుగు బస్సులో, చూస్తే చూడనీ అని ఆయన ఆవిడ పక్కనే కూర్చున్నాడు.

ఆ మరుసటేడు ఓ మంగళవారం మధ్యాహ్నం మేస్త్రీ గుండె పట్టుకుని బల్ల పక్కన కూలిపోయాడు. అందరితోపాటు ఆవిడా పరుగెత్తింది. "ఈయన ఇంటివాళ్లు ఎవరో ఎవరికైనా తెలుసా? ఆంబులెన్సులో ఒకళ్లు ఎక్కాలి" అన్నాడు సూపర్‌వైజరు చుట్టూ చూస్తూ. ఆవిడ నోరు తెరిచింది. కింద పడున్న ఆయన ఆవిడనే చూస్తున్నాడు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ప్రాణం పోతున్నా పెళ్లాం ఉద్యోగం కాపాడుతున్నాడు పిచ్చిమారాజు. పదమూడేళ్ల అలవాటు కొద్దీ ఆవిడ ఆ మాట విన్నది.

బండిలో సూపర్‌వైజరు వెళ్లాడు. ఆవిడ తలనొప్పని సగం పూట సెలవుకి చీటీ రాసింది. దాని మీద సంతకం పెట్టాల్సిన సూపర్‌వైజరు ఆ బండిలోనే ఉన్నాడు. పక్క సెక్షనాయన కాళ్లావేళ్లా పడి సంతకం పెట్టించుకుని, బస్సెక్కి ఆసుపత్రికి చేరేసరికి ఆయన ముఖం మీద దుప్పటి కప్పేశారు.

కాగితాల్లో ఆయన చిరునామా, గుట్టు తెలిసిన తమ్ముడి ఇల్లు. ఫ్యాక్టరీవాళ్లు దండ పట్టుకుని అక్కడికే వచ్చారు. ఆవిడ వాళ్లలో ఒకతెగా నిలబడి, ఎక్కువ ఏడిస్తే అనుమానం వస్తుందని ఆచితూచి కళ్లు తుడుచుకుంది. ఇంతకన్నా నరకం ఉంటే చెప్పండి.

ఆరో రోజు ఇక తన వల్ల కాలేదు. రాజీనామా రాసుకుని సిబ్బంది ఆఫీసరు గదికి వెళ్లి ఉన్నదంతా చెప్పేసింది.

ఆఫీసరు కాగితం చదివి బల్ల మీద పెట్టాడు. "దీనికి రాజీనామా ఎందుకమ్మా? ఆ రూలు ఇప్పుడు లేదు. అలాంటివి చెల్లవని కోర్టు చెప్పాక తీసేశాం."

"ఎప్పుడు తీశారు సార్?"

"ఐదేళ్లయింది. అందరికీ కాగితం ఇచ్చి, చదివి అర్థం చేసుకున్నామని సంతకాలు కూడా తీసుకున్నాం." బీరువాలోంచి ఫైలు తీసి చూపించాడు. ఆవిడ సంతకం ఉంది. నాలుగు వరుసల కింద ఆయనది ఉంది. భోజనాల గంటకి ముందు వరుసలో నిలబెట్టి పెట్టించిన సంతకాలు, అక్కడ చదివిందెవరు? ఐదేళ్ల కిందట తనకి ముప్పై అయిదని ఆవిడ లెక్క కట్టుకుంది. రాజీనామా కాగితం బల్ల మీదే మరిచిపోయి బయటికొచ్చింది.

పక్క మిషను దగ్గర చెప్పుల అడుగులకి గమ్ము పూసే పెద్దావిడని అందరూ గమ్మక్క అంటారు. ఆవిడ ముఖం చూసి గమ్మక్క లేచి వచ్చింది.

"అక్కా, మేస్త్రీ గారు..."

"తెలుసే తల్లీ. ఆయన చొక్కా బొత్తాలు నీ మిషను దారంతో కుట్టి ఉండేవి. మీ పెళ్లయిన మూణ్నెల్లకే అందరికీ తెలుసు. పైకి పొక్కితే ఒకరి నోటి కాడ కూడు పోతుందని ఎవరం నోరు మెదపలేదు."

"సూపర్‌వైజరుకి కూడానా?"

"ఆ రోజు ఆయన అడిగింది నిన్నేనే. నువ్వు ఊ అంటే ఎక్కించుకుందామని. నువ్వు మాట్లాడకపోతే తనే ఎలా చెబుతాడు?"

"ఆ రూలు తీసేసి ఐదేళ్లయిందట అక్కా."

 ఆ కాగితం మీద గమ్మక్కా చదవకుండానే సంతకం పెట్టింది. గమ్ము అంటిన చేతులని చీరకి తుడుచుకుంటూ నిలబడిపోయింది.

ఆవిడ అక్కడే బల్ల మీద తల వాల్చి, "మా ఆయన పోయాడక్కా" అని గొల్లుమంది. అంతమందిలో ఆయన్ని ఆ మాట అనడం అదే మొదటిసారి.