ఉత్తినే పెట్టిన సంతకం

పంపుల ఫ్యాక్టరీ పెడతామని వచ్చిన విదేశీ కంపెనీకి మా ఊళ్ళో దుబాసీని నేనే. మన ఆఫీసర్ల నసుగుడంతా వాళ్ళ భాషలోకి మార్చి చెప్పాలి. ఫ్యాక్టరీ వస్తే నన్ను పర్మనెంట్ చేస్తామన్నారు. తాత్కాలిక కొలువులతో విసిగిన ప్రాణం నాది, ఆశంతా దాని మీదే పెట్టుకున్నాను.

ఇక కావలసింది నీళ్ళ కనెక్షన్‌కి అనుమతి. దాని మీద సంతకం పెట్టే అధికారి ఎవరో కాదు, మా అక్క మొగుడే. చేయి తడపనిదే ఫైలు కదలనివ్వని ఘనుడు. ఆయన చుట్టూ కాళ్ళరిగేలా తిరిగినవాళ్ళు ఊరంతా ఉన్నారు.

"నా నోటి కాడి కూడు తీయొద్దని చెప్పక్కా మీ ఆయనకి," అని అక్క దగ్గర ఏడ్చాను. అక్క ఇంట్లో ఏం రభస చేసిందో ఏమో, దరఖాస్తు ఇచ్చిన మర్నాడే అనుమతి వచ్చింది. పైసా ఖర్చు లేదు. నిజం చెప్పొద్దూ, సంతోషం కన్నా ముందు నాకు అనుమానమే వచ్చింది. బావేమిటి, ఉత్తినే సంతకం పెట్టడమేమిటి? అయినా నోరు మూసుకుని కాగితం పట్టుకెళ్ళాను.

కంపెనీ పెద్దావిడ దాన్ని కిటికీ దగ్గర పెట్టి తిప్పి తిప్పి చూసింది.

"అందరికీ ఏడాది పట్టే పని మనకి ఒక్క రోజులో ఎలా అయింది? ఎవరికి ఎంతిచ్చావు?"

"ఎవరికీ ఏమీ ఇవ్వలేదు మేడమ్."

"ఆ అధికారి నీకు తెలుసా?"

"మా బావ," అన్నాను.

ఆవిడ కాగితాన్ని బల్ల మీద పెట్టేసింది. లంచమిచ్చారని తేలితే తమ దేశంలో తమని జైల్లో పెడతారంది. నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. వారం తిరక్కుండా ఆఫీసు గది ఖాళీ చేశారు, ఫ్యాక్టరీ పక్క దేశానికి పోయింది. లంచం అడిగితే పారిపోయిన కంపెనీలను చూశాను గానీ, అడగనందుకు పారిపోయినదాన్ని ఇదే చూడటం.

సంగతి తెలిసి బావ ఇంటికొచ్చాడు. కుర్చీలో కూలబడి, "నా సర్వీసులో ఉత్త చేతులతో పెట్టిన సంతకం అదొక్కటే, మరదలా. నీకోసమే పెట్టాను," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు జాలేసింది.

అయినా నా నోరు ఊరుకుంటేగా.

"నిజం చెప్పండి బావా. నాకు తెలియకుండా వాళ్ళనేమైనా అడిగారా?"

ఆయన నా మొహంలోకి చూసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఈసారి ఆయన మాట నిజమేనని అక్క ఒట్టేసి చెబుతోంది. నమ్మాలనే ఉంది నాకు, నమ్మలేకపోతున్నాను.