నల్లసిరా కింది పేరు

పేరుకి పెద్దల్లుడే గానీ, అత్తగారింట్లో అతనికి దక్కేది గోడవారనున్న స్టూలు. ఫ్యాను కింద కుర్చీ చిన్నల్లుడిది. అలాగని ఎవరూ చెప్పలేదు, పదేళ్లుగా అలా జరిగిపోతోందంతే.

చిన్నల్లుడు బడిలో సైన్సు మేష్టారు. ఆకాశంలో ఎవరికైనా అంతుచిక్కని వెలుగు కనబడితే సైన్యం ఆ సంగతి ఏం తేల్చిందో చెప్పమని ప్రభుత్వానికి అర్జీలు పెడతాడు. వచ్చిన కాగితాల మీద పత్రికలో రాస్తాడు. ఒకసారి ఫోటో కూడా పడింది. అత్తగారు ఆ ముక్క కత్తిరించి అద్దం పక్కన అంటించుకుంది. అప్పట్నుంచీ పెద్దల్లుడు ఆ ఇంట్లో తల దువ్వుకోవడం మానేశాడు.

అంత కడుపుమంటకీ కారణం ఉంది. అలాంటి వెలుగును కళ్లారా చూసినవాడు అతనే. ఇరవై రెండేళ్ల కిందట విమానాల స్థావరంలో కాపలా టవరు మీద ఉండగా, తెల్లవారుతున్న వేళ ఎనిమిది నిమిషాలు చూశాడు. రిజిస్టరులో రాశాడు. పెళ్లయిన కొత్తలో ఈ ముచ్చట చెబితే అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుని, "ఆ పూట కళ్లు సరిగా నులుముకోలేదేమో అల్లుడుగారూ" అంది. చూసినవాడు చెబితే నవ్విన ఇల్లు, ఏమీ చూడనివాడు కాగితాలు తెస్తే చెవులప్పగించి వింటోంది.

ఇప్పుడతను ఆ వైమానిక దళం రికార్డు గదిలోనే అటెండరు. అర్జీదారుడికి పంపే పేజీల్లో దాచాల్సిన చోట్ల ఆఫీసరు పెన్సిలుతో గుర్తు పెడతాడు. పెద్దల్లుడు పేజీని జిరాక్సు తీసి, ఆ చోట్ల నల్లమార్కరు పూసి, పూసినదాన్ని మళ్లీ జిరాక్సు తీస్తాడు. బయటికి వెళ్లాల్సింది ఆ రెండోదే. మొదటిదాన్ని వెలుతురుకు పెడితే సిరా కింది అక్షరాలు కనిపిస్తాయి కాబట్టి దాన్ని చింపేయాలి.

మేష్టారి ఆరో అర్జీకి తీసిన పేజీ చూసి అతని చెయ్యి ఆగిపోయింది. తన రాతే. పలక మీద దిద్దినట్టు విడివిడి అక్షరాలు. కింద తన పేరు. దాని కింద అప్పటి అధికారి గొలుసుకట్టుగా రాసిన మూడు లైన్లు. ఏడో తరగతితోనే బడికి దణ్ణం పెట్టినవాడికి ఆ రాత కొరుకుడు పడలేదు. అయినా ఒక కాపలావాడి గురించి అధికారి మూడు లైన్లు రాశాడంటే మాటలా. పేరుకీ, ఆ మూడు లైన్లకీ పెన్సిలు గుర్తు ఉంది.

పేరు కొట్టేసి పంపితే, తను చూసిన వెలుగుతో మేష్టారు ఫోటో వేయించుకుంటాడు.

మార్కరు పూశాడు. మళ్లీ జిరాక్సు తీసి, ఆ రెండోదాన్ని చింపి, మార్కరు పూసిన కాగితాన్నే కవరులో పెట్టాడు. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఊడితే ఊడనీ అనుకున్నాడు.

ఆదివారం మేష్టారు ఫ్యాను కింద కూర్చుని ఫైలు విప్పాడు. "ఈసారి ఒక కాపలాదారు రాసింది దొరికింది అత్తయ్యా. ఇన్నేళ్లలో ఇంత వివరంగా రాసినవాడు లేడు."

"ఎవరంట ఆ మహానుభావుడు?"

"పేరు నల్లగా కొట్టేశారు."

స్టూలు కిర్రుమంది. "కిటికీకి పెట్టి చూడు," అన్నాడు పెద్దల్లుడు.

మేష్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎందుకులే అన్నయ్యా. వాళ్లు దాచిందాన్ని తవ్వడం బాగోదు."

"ఆరు అర్జీలు పెట్టి తవ్వినవాడికి ఇవాళ బాగోలేదా. ఇలా ఇయ్యి."

లాక్కుని భార్య చేతికిచ్చాడు. ఆమె డిగ్రీ చదివిన మనిషి. కాగితాన్ని కిటికీకి ఆనించి కళ్లు చిట్లించింది. "అమ్మా, ఈయన పేరే."

అత్తగారు బట్టలు మడతపెట్టడం ఆపి, స్టూలు మీద ఒక మనిషి ఉన్నాడని ఇప్పుడే తెలిసినట్టు చూసింది. పెద్దల్లుడి వెన్ను నిటారైంది.

"కింద మూడు లైన్లున్నాయి. అవి కూడా చదువు."

భార్య పెదాలు కదిలి ఆగిపోయాయి. "ఏదో ఆఫీసు గోలండీ. అర్థం కావట్లేదు."

ఆమె మేష్టారి వైపు చూసింది. మేష్టారు నేల చూపులు చూశాడు. వాళ్లిద్దరికీ తెలిసి తనకు తెలియనిదేదో ఆ కాగితంలో ఉంది. భార్య చెప్పింది అబద్ధం. మేష్టారి మీద ఎంత ఏడ్చినా, వాడైతే ఉన్నదున్నట్టు చదువుతాడు. ఆ నమ్మకం తనకుండటమే అతనికి మరీ మంటగా ఉంది.

"నువ్వు చదువు మేష్టారూ."

"వద్దన్నయ్యా."

"చదవమన్నానా."

మేష్టారు నెమ్మదిగా చదివాడు. "ఈ కాపలాదారు చదువు లేనివాడు. వెంటనే పంపిన జీపులో వెళ్లిన ఇద్దరికీ ఏమీ కనబడలేదు. కునుకులో కల కని రాసి ఉంటాడు, పట్టించుకోనక్కర్లేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"గురువారమే వెలుతురుకు పెట్టి చూశాను," అన్నాడు మేష్టారు. "ఇంట్లో కూడా చెప్పలేదు. ఈ పేజీ పత్రికలో వెయ్యను. మీరు రాసింది బాగుందన్న మాట మీ చెవిన పడాలనే తెచ్చాను."

అంటే ఇప్పటిదాకా విన్న మెచ్చుకోలు వాడు జాలితో పెట్టిన ముష్టి. పెద్దల్లుడి ఒళ్లు భగ్గుమంది.

"వెంటనే పంపారట వెంటనే," అన్నాడు పళ్లు కొరుకుతూ. "ఎండెక్కాక కదిలింది ఆ జీపు. అప్పటికి అక్కడేముంటుంది."

మేష్టారు తలెత్తాడు. "ఎండెక్కాకా? గేటు దగ్గర జీపు టైము రాసే రిజిస్టరు ఉంటుంది కదూ?" జేబులోంచి పెన్ను తీశాడు. "రేపే దానికోసం అర్జీ పెడతాను. ఆ రోజు ఏం చూశారో మొదట్నుంచీ చెప్పండి అన్నయ్యా."

ఇరవై రెండేళ్లలో ఆ మాట అడిగినవాడు లేడు. అడగడానికి వీడే దొరికాడా అని పెద్దల్లుడు లోపల కుతకుతలాడిపోయాడు. అయినా చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతున్నకొద్దీ గొంతు పెరిగింది, చేతులు లేచాయి. స్టూలు వదిలి నిలబడ్డాడు.

అత్తగారు టీ తెచ్చి, మొదటి గ్లాసు చిన్నల్లుడికి అందేలా పెట్టింది.

"కాస్త నెమ్మదిగా చెప్పండి అల్లుడుగారూ," అంది పెద్దల్లుడితో. "ఆయన రాసుకోవాలి కదా."